పునాది బావ, అక్క చేసిన యాప్

మా బావకు ‘పునాది’ అని పేరు పెట్టింది నేనే. అక్కతో పెళ్ళయిన కొత్తలో మా పుట్టింటికి చెప్పుల అర ఒకటి చేసిపెడతానని ఆయన ముందుకొచ్చాడు. చెప్పుల అరంటే ఏముంది, నాలుగు చెక్కలు, గుప్పెడు మేకులు. బావ మాత్రం ముందు నేల సమంగా ఉందో లేదో చూడాలన్నాడు. లేదని తేలింది. సమం చేయడానికి గుమ్మం దగ్గర నేల పలకలు పీకాడు. పలకల కింద చెమ్మ కనిపించింది. చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో కనుక్కుంటూ పోయి నీళ్ళ గొట్టం దగ్గర తేలాడు. ఆ ఎండాకాలమంతా మేం ఇంట్లోకి ఒక చెక్క మీంచి దూకి వెళ్ళాం. చివరికి అర వచ్చింది. ఇప్పటికీ ఉంది, ఏనుగు ఎక్కినా కదలదు. ఈలోగా మా నాన్న చెప్పులే అరిగిపోయాయి.

ఆ పేరు పెట్టినందుకు బావకు ఏ కోపమూ లేదు. పైగా ఎవరైనా అడిగితే, మా మరదలు నాకిచ్చిన బిరుదని చెప్పుకుంటాడు. అలాంటి మనిషిని ఏడిపించడంలో మజా ఉండదు. అయినా నేను మానలేదు.

బావ పని వెబ్‌సైట్లు, వాటి వెనకాల నడిచే సాఫ్ట్‌వేరు రాయడం. ఒకప్పుడు పెద్ద కంపెనీలో ఉండేవాడు. వాళ్ళు ఆయన విభాగాన్నే ఎత్తేశాక, ఇంటి పై గదిలో బల్ల వేసుకుని చిన్నచిన్న వ్యాపారాలవాళ్ళకు రాసిపెట్టడం మొదలుపెట్టాడు. అదంతా ఒక ఫ్రేమ్‌వర్క్ మీద రాస్తాడు. ఆ ఫ్రేమ్‌వర్క్ అంటే ఆయనకు ప్రాణం. అదేమిటని నేనొకసారి అడిగితే, ఇల్లు కట్టేవాడికి దూలాలూ తలుపు చట్రాలూ ముందే చేసి అందించినట్టు అనుకో అన్నాడు. గోడలు మాత్రం మనమే లేపుకోవాలట, అందుకే మన ఇష్టం వచ్చినట్టు లేపుకోవచ్చట. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన ముఖం చూడాలి. పసిపిల్లాడికి బొమ్మల కొట్టు తాళాలు ఇచ్చినట్టుండేది.

ఆ ఇంటి కింది భాగమంతా మా అక్క ల్యాబ్. అక్కడ మేం పళ్ళు తయారుచేస్తాం. మేం డాక్టర్లం కాము, ఎవరి నోట్లోనూ చెయ్యి పెట్టం. పళ్ళ డాక్టర్లు పేషెంటు నోటి అచ్చు తీసి పంపుతారు. దాంట్లో ప్లాస్టర్ పోసి చిగుళ్ళ నమూనా చేస్తాం. నమూనా మీద మైనం పెట్టి, మైనంలో పళ్ళు అమరుస్తాం. అది డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, పేషెంటు నోట్లో సరిపోయిందంటే తిరిగొస్తుంది. అప్పుడు మైనం తీసేసి గులాబీరంగు చిగుళ్ళు పోసి, అరగదీసి, మెరుగుపెట్టి పంపుతాం. పళ్ళు అమర్చేది నేను, మెరుగుపెట్టేది పాలిష్ బాబాయ్, అన్నిటి మీదా కన్ను వేసేది అక్క. ఒక్కో నోటి పనికి ఒక్కో ప్లాస్టిక్ ట్రే. ఆ ట్రే బల్లల మీద ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంటుంది.

బావ అక్కకు దొరికింది కూడా ఆ బల్లల మధ్యనే. వాళ్ళ నాన్నగారి పళ్ళ సెట్టు చేతిరుమాలులో చుట్టుకుని ఒకరోజు గుమ్మంలోకి వచ్చి, ఈ పళ్ళు పచ్చగా ఉన్నాయి, మా నాన్నవి ఇలా ఉండేవి కావు అని నిలదీశాడు. అక్క ముక్కు మీద కోపం గల మనిషి. పళ్ళ రంగు విషయంలో మరీను. సెట్టు తీసుకుని, కిటికీ దగ్గరికి రండి అంది. మా ల్యాబ్‌లో వెనక గోడకు ఒక కిటికీ ఉంది, ఎండ నేరుగా పడదు, వెలుగు మాత్రం రోజంతా నిలకడగా ఉంటుంది. రంగు తేల్చుకోవాలంటే అక్కడికే వెళ్తాం. ట్యూబ్‌లైటు కింద పచ్చగా కనిపించింది అక్కడ తేటగా కనిపించింది. ఆ మనిషి చాలాసేపు చూసి, “అవునండీ, తప్పు నాదే” అన్నాడు. మా ఇంటావంటా ఏ మగాడూ ఆ మాట అనగా అక్క వినలేదు. పెళ్ళి అక్కడే సగం అయిపోయిందని నా లెక్క.

పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది. అక్క మెట్ల దగ్గరికి వెళ్ళి, తల పైకెత్తి, “ఏమండీ, ఒకసారి కిందికి వస్తారా?” అంటుంది. ప్రింటరు కాగితం మింగిందనో, ల్యాబ్ వెబ్‌సైటులో ఫోన్ నంబరు మార్చాలనో, డాక్టర్ల పేర్లలో ఒకటి కలపాలనో. పైన కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత మెట్ల మీద చెప్పుల టపటప. రాస్తున్న వాక్యం సగంలో వదిలేసి వచ్చేవాడు. వచ్చాక మాత్రం పనిమీద ఉన్నవాణ్ని లాక్కొచ్చినట్టు మొహం పెట్టేవాడు. ఆ మొహం వెనక మురిసిపోతున్నాడని నాకు తెలుసు, బాబాయ్‌కి తెలుసు, అక్కకు తెలుసో లేదో మాత్రం చాలాకాలం తెలియలేదు.

ఇక అసలు గొడవకు వస్తాను. మాకు పని పంపేవాళ్ళలో పెద్ద దిక్కు ఒక డాక్టరమ్మ. ల్యాబ్‌లో సగం ట్రేలు ఆమెవే. భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి పళ్ళు కావాలంటే, ఇద్దరి పనీ ఒకే ట్రేలో పెట్టడం మాకు మొదటినుంచీ అలవాటు. డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్తారు కదా, పళ్ళు కూడా కలిసే వెళ్ళనీ అని అక్క పెట్టిన పద్ధతి. చూడముచ్చటైన పద్ధతే. కానీ ఒకసారి, బాబాయ్‌కి జ్వరమొచ్చి అందరం తలా ఒక చెయ్యి వేసినప్పుడు, ఒక ముసలి దంపతుల కింది పళ్ళు తారుమారయ్యాయి. ఎవరి చేతిలో మారాయో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆయన కింది సెట్టు ఆవిడ పెట్టెలోకీ, ఆవిడది ఆయన పెట్టెలోకీ వెళ్ళిపోయాయి. డాక్టరమ్మ పెట్టి చూస్తే ఆయన నోట్లో అది నిలవదు, ఆవిడ నోట్లో ఇది పట్టదు. మర్నాడు వాళ్ళ మనవరాలి పెళ్ళి. ఇద్దరూ పెళ్ళి ఫొటోలన్నిటిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నిలబడ్డారట.

డాక్టరమ్మ ఫోన్‌లో కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. ఏ పేషెంటు పళ్ళు ఏ బల్ల మీద ఉన్నాయో నా ఫోన్‌లో నాకు కనిపించే ఏర్పాటు చేయండి, నేను సెలవు మీద ఊరెళ్తున్నాను, తిరిగొచ్చేసరికి అది లేకపోతే వేరే ల్యాబ్ చూసుకుంటాను అని నెమ్మదిగా చెప్పి పెట్టేసింది. అక్క ఫోన్ బల్ల మీద పెట్టి, డాక్టరమ్మ ట్రేలు ఉండే అర వైపు చూసింది. ఆ అర ఖాళీ అయితే బాబాయ్‌ని ఇంటికి పొమ్మనాలి.

అక్క మెట్ల దగ్గరికి వెళ్ళింది. “ఏమండీ, ఒకసారి కిందికి వస్తారా?”

బావ వచ్చాడు, విన్నాడు, ఛాతీ కొంచెం పెద్దదయింది. ఇన్నాళ్ళూ ఫోన్ నంబర్లు మార్చడానికి పిలిచిన భార్య ఇప్పుడు ల్యాబ్‌నే చేతుల్లో పెట్టింది. పక్కాగా కట్టిపెడతాను, ఇక జన్మలో పళ్ళు మారవు అన్నాడు. ఆ ‘పక్కా’ అనే మాట వినగానే నాకు చెప్పుల అర గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే కింద కూర్చుని అన్నీ అడిగాడు. ఒక ట్రేలో ఒక్కరి పళ్ళే ఉండేలా గట్టిగా కట్టడి చేసేయనా అని అడిగినప్పుడు అక్క అరగదీసే మిషను దగ్గర ఉంది. మిషను గుర్రుమంటోంది. అక్క తలూపింది. ఆమె ఊపిందో, మిషను ఊపిందో నాకు అప్పుడూ అనుమానమే, ఇప్పుడూ అనుమానమే. బావ మాత్రం దాన్ని సరే కింద తీసుకుని పైకి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి నేను పనెంతవరకు వచ్చిందో చూడటానికి టీ తీసుకుని పైకి వెళ్ళేదాన్ని. నల్లటి తెర మీద రంగురంగుల అక్షరాలు. లాగిన్ అయిపోయిందనేవాడు. మళ్ళీ వెళ్తే, డాక్టరు పాస్‌వర్డు మరిచిపోతే ఏం చేయాలో అది రాస్తున్నాననేవాడు. మరోసారి వెళ్తే, రేపు మన ల్యాబ్‌కు ఊరూరా శాఖలు పెడితే తట్టుకునేలా చేస్తున్నాననేవాడు. ఉన్నది ఒక్క గది, ముగ్గురు మనుషులు. శాఖలు తర్వాత పెడదాం బావా, పన్ను ఎక్కడుందో కనిపించే తెర ఏదీ అని అడిగితే, ఓపిక పట్టమన్నాడు. ఇది పైన పేర్చేది కాదు, కిందనుంచి రావాలన్నాడు. నా తలప్రాణం తోకకొచ్చింది.

ఆ రోజుల్లోనే మా వీధి చివర పూలకొట్టు ఆవిడ తన ఫోన్ చూపించింది. ఎవరికి ఏ గుత్తి, ఏ వేళకు, ఎవరు తీసుకెళ్తున్నారు, అన్నీ ఒక యాప్‌లో. ఎవరు చేశారంటే తనే అంది. లో-కోడ్ యాప్ బిల్డర్ అని ఉంటాయట. కోడు రాయక్కర్లేదు, తెర మీద గళ్ళు లాగి అమర్చుకుని, ఏ గడిలో ఏం రావాలో చెప్తే యాప్ తయారవుతుందట. నేను పరుగున వచ్చి అక్క చెవిన వేశాను. అక్క మొదట కొట్టిపారేసింది. పైన ఆయన చేస్తుంటే కింద మనం చేయడం ఏం బాగుంటుందంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మాత్రం, ఊరికే చూద్దామంటూ కంప్యూటరు ముందు కూర్చుంది.

కూర్చుంది కూర్చున్నట్టే ఉండిపోయింది. మా అక్క పని మైనంలో పన్ను అమర్చినట్టే ఉంటుంది. పెట్టి చూస్తుంది, బాగోకపోతే వేడి చేసి జరుపుతుంది, మళ్ళీ చూస్తుంది. ఆ బిల్డర్ సరిగ్గా అలాంటి చేతికే చేసినట్టుంది. ఒక గడిలో డాక్టరు పేరు, ఒక గడిలో పేషెంటు, పై పళ్ళా కింది పళ్ళా, రంగు ఏది, ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉంది. బల్ల మారినప్పుడల్లా ఫోన్‌తో ఒక ఫొటో. బావ ఇంకా పాస్‌వర్డుల దగ్గరే ఉండగా, కింద మా ముగ్గురి ఫోన్లలో పళ్ళు తిరగడం మొదలయింది.

బావకు మాత్రం చెప్పలేదు. ఆయన టీకి దిగితే అక్క చటుక్కున తెర మార్చేసేది, నేను పనిలేకపోయినా మైనం కరిగించేదాన్ని. దొంగసరుకు దాస్తున్నట్టే ఉండేది మా వ్యవహారం. దాన్ని బయటపెట్టింది పాలిష్ బాబాయ్. అమాయకుడు, చేసింది బావేననుకున్నాడు. ఒకరోజు టీ తాగుతూ, అల్లుడుగారూ, అంతా బాగుంది గానీ ఫొటో తీసే బటన్ మరీ చిన్నదిగా ఉంది, నా వేలు లావు, కాస్త పెద్దది చేద్దురూ అన్నాడు.

“ఏ బటన్?” అన్నాడు బావ.

బాబాయ్ ఫోన్ తీసి చూపించాడు. బావ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరు చేశారని అడిగాడు. నేనే అంది అక్క, తల ఎత్తకుండా. బావ ఫోన్ బాబాయ్‌కి ఇచ్చేసి, టీ గ్లాసు అక్కడే పెట్టి, పైకి వెళ్ళిపోయాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు కూడా వినిపించలేదు. అక్క చేతిలో మైనం చల్లారిపోయింది. నాకు ఆ గ్లాసు వంక చూడబుద్ధి కాలేదు.

సాయంత్రం కుర్చీ ఒకటి మోసుకుని ఆయనే దిగొచ్చాడు. అక్క పక్కన వేసుకుని, చూపించు అన్నాడు. అక్క చూపించింది. ఆయన అన్నీ చూశాడు. తర్వాత తన ఫోన్ తీసి, మాకు చాలా తక్కువ పని పంపే ఇంకో డాక్టరు పేరుతో లోపలికి వెళ్ళాడు. డాక్టరమ్మ పేషెంట్ల పేర్లన్నీ అక్కడ కనిపించాయి, ఎవరికి ఎన్ని పళ్ళు లేవో సహా. అక్క ముఖం చిన్నబోయింది. బావ ఇది చూశావా అని ఎత్తిపొడవలేదు. ఆ బిల్డర్‌లో ఎక్కడో అడుగున ఉన్న సెట్టింగులు వెతికి, ఎవరి పేషెంట్లు వాళ్ళకే కనిపించేలా అప్పటికప్పుడే సర్దాడు. ఆ తర్వాత ఇంకో మాట చెప్పాడు. ఈ బిల్డర్ కంపెనీవాళ్ళు రేపు దుకాణం కట్టేస్తే మన పనంతా వాళ్ళ తాళం వెనకే ఉండిపోతుంది, నేను రాసింది మాత్రం మన దగ్గరే ఉంటుంది అన్నాడు. అది నిజమే.

అక్క ఆయన వైపు తిరిగి, “మీకు ఏది మంచిదనిపిస్తే అదే పెట్టుకుందాం. మీది పెట్టమంటే మీదే పెట్టుకుంటాను, మనసులో ఏమీ పెట్టుకోను,” అంది.

అలా నిర్ణయం ఆయన నెత్తిన పడింది. అక్క మనసులో ఏమీ పెట్టుకోనన్నది నిజంగానే అంది, అందుకే ఆయనకు మరీ బరువయింది. ల్యాబ్ నిలబడాలి, అది ఒకటి. దాని కింద ఇంకొకటి ఉంది, అది నాకు ఆయన మొహంలోనే కనిపించింది. ఆ ఇంట్లో బావ చేతులతో చేసేది ఒక్కటే పని, ఆ పనీ, అక్కకు ఆయనతో ఉన్న అవసరమూ ఒకే తీగ మీద ఉన్నాయి. అక్క తనంతట తనే యాప్ చేసుకోగలిగితే ఆ తీగ తెగిపోతుందని ఆయన భయం. పాపం, నాకు ఆ రోజుల్లో ఆయన్ని ఏడిపించబుద్ధి కాలేదు.

అయితే ఆయన ఊరుకున్నాడా, లేదు. నేనెప్పుడూ చూడనంత దీక్షగా కూర్చుని తనది పూర్తిచేశాడు. డాక్టరమ్మ వచ్చే రోజుకు అది సిద్ధంగా ఉంది. చెప్పొద్దూ, అది చాలా అందంగా ఉంది. అచ్చు దగ్గరనుంచి పాలిష్ దాకా పన్ను ప్రయాణం ఒక గీత మీద కదులుతూ కనిపించేది. వేలు పెట్టేలోపే తెరుచుకునేది. అక్కది దాని పక్కన పెడితే పెళ్ళికి ఇంటి బట్టల్లో వెళ్ళినట్టుంది. నేనూ నోరు మూసుకున్నాను.

డాక్టరమ్మ వచ్చి ప్లాస్టర్ దుమ్ము పడ్డ స్టూలునే తుడుచుకుని కూర్చుంది. కంప్యూటరు తెరవకముందే ఆమె ఒక మాట చెప్పింది. భార్యాభర్తల ట్రేలు వేరు చేయండి, మంచిదే, కానీ రెండూ సిద్ధమయ్యాకే నాకు పంపాలంది. “ఒకరిది ముందొస్తే ఒకరు పళ్ళతోనూ ఇంకొకరు బోసినోటితోనూ నా గదిలో కూర్చుంటారమ్మా. ఆ ముసలాయన తనవి పెట్టించుకోనన్నాడు, ఆవిడవి వచ్చేదాకా. జంటలు జంటలుగానే రావాలి.”

బావ ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కట్టిన దాంట్లో ఒక ట్రేకు ఒక నోరు, ఏ నోటికీ ఇంకో నోటితో సంబంధం ఉండదు. పళ్ళు కలవకూడదని ఆయన పట్టుబట్టి పునాదిలోనే అడ్డుగోడ పెట్టాడు. ఇప్పుడు జంట కలపాలంటే ఎంతసేపు పడుతుందని నేను గొంతు తగ్గించి అడిగాను. వారమైనా పడుతుంది, కిందనుంచి విప్పాలి అన్నాడు, అంతకంటే తక్కువ గొంతుతో.

ఈలోపు అక్క ఒక చేత్తో మైనం కత్తి పట్టుకునే, ఇంకో చేత్తో తెర మీద కొత్త గడి ఒకటి లాగింది. దానికి ‘జంట’ అని పేరు పెట్టింది. ఆయన పేరు కింద ఆవిడ పేరు కలిపింది. ఒకరిది తయారై ఇంకొకరిది కాకపోతే ‘పంపు’ అనే బటన్ కనిపించకుండా చేసింది. ఇలా ఉంటే చాలా డాక్టరమ్మా అని తెర అటు తిప్పింది. డాక్టరమ్మ టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. బావ అక్క వెనకాల నిలబడి ఇదంతా గుడ్లప్పగించి చూశాడు.

డాక్టరమ్మ ఆ తెర చూసి తలూపి, బావ వైపు తిరిగింది. మీరేదో తయారుచేస్తున్నారని చెప్పారు, అదేనా ఇది అని అడిగింది.

ల్యాబ్‌లో బాబాయ్ పాలిష్ మోటారు ఆపేశాడు.

“ఇదేనండీ,” అన్నాడు బావ. “మా ఆవిడ చేసింది.”

ల్యాప్‌టాప్‌ని ప్లాస్టర్ బస్తా మీద పెట్టేసి, ముందుకొచ్చి, డాక్టరమ్మ ఫోన్‌లో ఆ యాప్ ఎలా తెరవాలో, ఎవరి పళ్ళు ఎక్కడున్నాయో ఎలా చూడాలో ఆయనే దగ్గరుండి చూపించాడు. అక్క కంటే బాగా చెప్పాడు. ఎవరివి వాళ్ళకే కనిపిస్తాయని చెప్పేటప్పుడు మాత్రం అది తను సర్దిందని చెప్పలేదు, అక్కే కల్పించుకుని చెప్పింది. డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ కొత్త అచ్చుల సంచి బల్ల మీద పెట్టి వెళ్ళింది. బాబాయ్ మళ్ళీ మోటారు వేసుకున్నాడు. ఆ గుర్రుమనే చప్పుడు అంత తియ్యగా ఎప్పుడూ వినిపించలేదు.

ఆమె వెళ్ళాక నేనుండబట్టలేక అడిగాను. ఎందుకలా చేశారు బావా, మీది అంత బాగుంటే? ఆయన మెట్ల మీద కూర్చుని చెప్పాడు. నాది బాగా కట్టిన ఇల్లే, కాదనను, కానీ ఈ ల్యాబ్‌లో రోజుకో గోడ జరపాలి, జరిపేది మీ అక్క, నేను కట్టిన గోడ మీ అక్క జరపలేదు, తను కట్టుకున్నది తను జరపగలదు అన్నాడు. ఎవరు మారుస్తారు, ఎన్నిసార్లు మారుస్తారు అన్నది ముందు అడగాల్సిన ప్రశ్నట. నేనే అడగలేదు, తల ఊపితే సరే అనుకున్నానన్నాడు. అంత పెద్ద మాట అంత తేలిగ్గా అనేసిన మనిషి, అక్క అటు రాగానే మాత్రం ఇంకో మాట అన్నాడు.

“ఇక ఏ మార్పు కావాలన్నా నువ్వే చేసుకుంటావోయ్. నన్నెందుకు పిలుస్తావు?”

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అక్క జవాబు చెప్పబోయేలోపు ఫోన్ మోగింది, ఎవరో డాక్టరు అచ్చు సరిగా రాలేదని గోల. అక్క అటు వెళ్ళిపోయింది. బావ ల్యాప్‌టాప్ తీసుకుని పైకి వెళ్ళాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇల్లు మరీ ప్రశాంతంగా ఉండేది. జంటల బటన్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. బాబాయ్ వేలికి తగ్గట్టు ఫొటో బటన్ అక్కే పెద్దది చేసింది. రోజూ సాయంత్రం యాప్‌లోని సమాచారమంతా మన దగ్గర కూడా ఒక నకలు పడేలా బావ చిన్న ఏర్పాటొకటి రాసి పెట్టాడు, బిల్డర్ కంపెనీవాళ్ళు రేపు దుకాణం కట్టేసినా మనకు దిగులుండదని. అది ఒక్కసారే చేసే పని, చేసేశాడు. ఆయన రాసిన ఆ పాస్‌వర్డులూ శాఖలూ కూడా వృథా పోలేదు. బడి బస్సులు నడిపే ఒకాయనకు ఊరూరా శాఖలున్నాయట, గోడలు జరిపే పని లేదట, పునాది గట్టిగా కావాలట. ఆయన వెతుక్కుంటూ వచ్చి బావ దగ్గరే రాయించుకున్నాడు. బావకు చేతినిండా పని. అంతా బాగానే ఉంది. మెట్ల దగ్గర అక్క గొంతు మాత్రం వినిపించడం లేదు. బావే ఏదో ఒక వంకతో దిగొచ్చేవాడు, టీ అయిందా అని, నా కళ్ళజోడు ఇక్కడుందా అని. కళ్ళజోడు ముక్కు మీదే ఉండేది.

ఒక ఉదయం నేను మైనంలో పళ్ళు అమరుస్తున్నాను. అక్క బల్ల మీద ముందు పన్ను ఒకటి, పేషెంటు పక్క పళ్ళకు కలవాల్సిన రంగుది, సిద్ధంగా ఉంది. అక్క దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, రంగుల నమూనాలతో పోల్చి చూసుకుని, వెనక్కి వచ్చి, తెర మీద ఆ పేషెంటు పేరు పక్కన ‘రంగు చూశాం’ అనే గడిలో టిక్కు పెట్టింది. ఆకుపచ్చ టిక్కు. ఆ గడిలో టిక్కు పడిందంటే ఆ పని అయిపోయినట్టు. రంగు విషయంలో అక్క కన్ను తప్పు పోవడం నేను ఇంతవరకు చూడలేదు.

తర్వాత చేతులు తుడుచుకుని, మెట్ల దగ్గరికి వెళ్ళి, తల పైకెత్తింది.

“ఏమండీ, ఒకసారి కిందికి వస్తారా?”

పైన కుర్చీ జరిగింది. మెట్ల మీద చెప్పులు టపటపలాడాయి. బావ వచ్చి, ఏమయింది, యాప్ మొరాయించిందా అని అడిగాడు, కొంచెం ఆశగానే.

“యాప్‌కేం, బ్రహ్మాండంగా ఉంది. ఈ పన్ను రంగు చూస్తారా? రంగు చూడటానికి దాంట్లో కళ్ళు లేవుగా,” అంది అక్క.

బావ పన్ను అరచేతిలోకి తీసుకున్నాడు. ఎదురుగా తెర వెలుగుతోంది, ఆకుపచ్చ టిక్కు నాకు కనిపించింది, ఆయనకూ కనిపించింది. ఆయన కళ్ళు ఒక్క క్షణం దాని మీద ఆగడం నేను చూశాను. ఆయన దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. ట్యూబ్‌లైటు కింద పన్నును అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, బాగా ఆలోచించి చెప్పాడు.

“కొంచెం పచ్చగా ఉన్నట్టుందోయ్.”

“కిటికీ దగ్గరికి రండి,” అంది అక్క.

ఇద్దరూ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. ఒక చిన్న పన్ను చూడటానికి చాలాసేపే పట్టింది. నేను తల వంచుకుని నా మైనం పని చూసుకున్నాను.